ప్రోటీన్‌కు అంటు కట్టిన బయోకెమిస్ట్

మీ ఇంట్లో కీళ్లవాతంతో (రుమటాయిడ్ ఆర్థరైటిస్) బాధపడేవాళ్లు ఉంటే వాళ్ల మందుల చీటీ ఓసారి తీసి చూడండి. చాలామంది చీటీల్లో మెథోట్రెక్సేట్ అనే చిన్న మాత్ర ఉంటుంది, వారానికి ఒక్కసారి వేసుకునేది. దాంతో నొప్పీ వాపూ అదుపులోకి రాకపోతే, ఖర్చు భరించగలిగితే, కొందరికి తోడుగా అడాలిముమాబ్ అనే ఇంజెక్షన్ రాస్తారు. ఆ మాత్ర వెనక మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు. అమెరికాలోని లెడర్లీ కంపెనీలో ఆయన పరిశోధనలకు సారథ్యం వహించిన 1940ల్లో ఆ మందు బయటికొచ్చింది. ఇంజెక్షన్ వెనక బ్రిటన్‌లోని కేంబ్రిడ్జ్‌కు చెందిన గ్రెగ్ వింటర్ ఉన్నారు. ఇద్దరూ బయోకెమిస్టులే!

‘బయోకెమిస్ట్రీ చేస్తే ఏమొస్తుంది, ల్యాబ్ టెక్నీషియనో లెక్చరరో అవ్వాలంతే’ అనే మాట డిగ్రీ విద్యార్థులు ఎక్కడో ఒకచోట వినే ఉంటారు. ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు. అలాగని పూర్తి నిజమూ కాదు. మధ్యలో ఉన్న దారి ఎలాంటిదో, ఎంత పొడవో, ఎక్కడ తిరగాలో తెలియాలంటే ఆ దారిలో నడిచినవాళ్ల కథ ఒకటి వినాలి. వింటర్ కథ అందుకు బాగా పనికొస్తుంది. ఎందుకంటే ఇందులో మెరుపులు తక్కువ, ఓపిక ఎక్కువ.

ముందు చదవడం, తర్వాత మార్చడం

వింటర్ 1951లో పుట్టారు. కేంబ్రిడ్జ్‌లోని ట్రినిటీ కాలేజీలో నేచురల్ సైన్సెస్ చదివి 1973లో డిగ్రీ పూర్తిచేశారు. తర్వాత అదే ఊళ్లోని ఎంఆర్‌సీ లేబొరేటరీ ఆఫ్ మాలిక్యులర్ బయాలజీలో పీహెచ్‌డీకి చేరారు. థీసిస్ ఏంటో తెలుసా? ఓ బ్యాక్టీరియాలోని ఎంజైమ్‌లో అమైనో ఆమ్లాలు ఏ వరసలో ఉన్నాయో కనుక్కోవడం. ఇప్పుడైతే జన్యువును సీక్వెన్సింగ్‌కు పంపితే ఒకట్రెండు రోజుల్లో జవాబు వస్తుంది. అప్పట్లో ప్రోటీన్‌ను ముక్కలు చేసి, ఒక్కో ముక్కనూ విడిగా శుద్ధి చేసి, ఒక్కో అక్షరాన్నీ కూడబలుక్కుని చదవాలి. ఏళ్లు పట్టే పని. బయటివాళ్లకు ‘ఇందులో ఏముంది?’ అనిపించే పని కూడా.

కానీ ప్రోటీన్‌ను అక్షరం అక్షరంగా చదివినవాడికి ఓ ప్రశ్న రాకుండా ఉండదు. ఇక్కడ ఈ ఒక్క అక్షరం మారిస్తే ఏమవుతుంది?

1978లో కెనడాలో పనిచేస్తున్న మైకేల్ స్మిత్ జన్యువులో కోరుకున్న చోట ఒక్క అక్షరాన్ని మార్చే పద్ధతి చూపించారు. సైట్ డైరెక్టెడ్ మ్యుటాజెనెసిస్ అని ఎమ్మెస్సీ సిలబస్‌లో చదువుకునేది అదే. 1982లో వింటర్, అలన్ ఫెర్ష్ట్, స్మిత్ తదితరులు కలిసి ఈ పద్ధతిని టైరోసిల్ టీఆర్ఎన్ఏ సింథటేజ్ అనే ఎంజైమ్ మీద ప్రయోగించారు. 35వ స్థానంలో ఉన్న సిస్టీన్‌ను తీసేసి సెరీన్ పెట్టారు. ఏటీపీని పట్టుకునే శక్తి తగ్గింది. మందు కాదు, వ్యాపారం కాదు... ఎంజైమ్ కాస్త బలహీనపడింది, అంతే. అయితే ప్రోటీన్‌ను మనిషి కావాలని, ఆలోచించి మార్చవచ్చని తేలిపోయింది. తర్వాత ఇదే ఎంజైమ్‌లో మరోచోట మార్పు చేస్తే ఏటీపీని ఇంకా గట్టిగా పట్టుకుంది కూడా. ప్రోటీన్ ఇంజినీరింగ్ అనే రంగానికి పునాదులు వేసిన ప్రయోగాల్లో ఇవి ముందు వరసలో ఉంటాయి.

చిట్టెలుక కొమ్మ, మనిషి మొదలు

అదే లేబొరేటరీలో 1975లో సీజర్ మిల్‌స్టీన్, జార్జెస్ కోలర్ మోనోక్లోనల్ యాంటీబాడీలు తయారుచేశారు. ఒకే లక్ష్యానికి అతుక్కునే యాంటీబాడీని కావలసినంత ఉత్పత్తి చేసే విధానమది. క్యాన్సర్ కణాన్ని మాత్రమే వెతికి పట్టుకునే మందు దొరికినట్టేనని అందరూ సంబరపడ్డారు. చిక్కేంటంటే, ఆ యాంటీబాడీలు చిట్టెలుకలవి. మన రోగనిరోధక వ్యవస్థ వాటిని పరాయివిగా గుర్తిస్తుంది, వాటి మీదే దాడి చేస్తుంది. రెండు మూడు డోసులకే మందు పనిచేయడం మానేయొచ్చు, అలర్జీలూ రావొచ్చు.

వింటర్ చేసింది ఏమిటో మన ఊళ్లో మామిడి తోట ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు. నాటు మొక్క మొదలు మీద బంగినపల్లి కొమ్మ అంటు కడతాం. వేరు నాటుదే, పండు బంగినపల్లిది. యాంటీబాడీ ఇంగ్లిష్ అక్షరం వై ఆకారంలో ఉంటుంది. లక్ష్యాన్ని పట్టుకునేది దాని చేతుల చివర ఉండే చిన్న వంపులు మాత్రమే, ఒక్కో చేతికి ఆరు. వాటిని సీడీఆర్‌లు అంటారు. మిగతాదంతా వాటిని నిలబెట్టే చట్రం. చిట్టెలుక యాంటీబాడీలోంచి ఆ వంపుల్ని తెచ్చి మనిషి యాంటీబాడీ చట్రంలో పెడితే? 1986లో వింటర్ బృందం ఇది సాధ్యమేనని చూపించింది. దీన్నే హ్యూమనైజేషన్ అంటున్నాం.

ఇక్కడ ఆగి ఒక విషయం చెప్పాలి. మీ కెరియర్‌కు పనికొచ్చేది నా ఉద్దేశంలో ఇదే. తర్వాత ప్రయత్నం క్యాంపాత్-1 అనే యాంటీబాడీ మీద జరిగింది. ఇది ఎలుకది, చిట్టెలుకది కాదు. లింఫోసైట్ల మీద ఉండే ఓ అణువును పట్టుకుంటుంది. వంపులన్నీ మనిషి చట్రంలోకి మార్చారు. తీరా చూస్తే పట్టు సడలిపోయింది. అంటు అతికింది గానీ కాయ కాయలేదన్నమాట! అప్పుడు నిర్మాణాన్ని కూర్చుని పరిశీలిస్తే చట్రంలోని 27వ స్థానం అనుమానాస్పదంగా కనిపించింది. అది పేరుకు చట్రమే గానీ ఓ వంపుకు ఆనుకుని దాన్ని సరైన భంగిమలో నిలబెడుతోంది. అక్కడి సెరీన్‌ను ఫినైల్ అలనీన్‌గా మార్చేసరికి పట్టు దాదాపు మొత్తం తిరిగొచ్చింది. వందల అక్షరాల్లో ఒకటి. అది ఏదో ఊహించగలగడానికి వెనకున్నది పదిహేనేళ్లపాటు ప్రోటీన్లను అక్షరం అక్షరం చదివిన అలవాటే. అమైనో ఆమ్లాలు ఇరవయ్యేగా, పరీక్ష ముందు రోజు చూసుకుందాంలే అనుకునేవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవండి.

1988లో ఇద్దరు లింఫోమా రోగులకు ఈ హ్యూమనైజ్డ్ యాంటీబాడీ ఇచ్చారు. ఇద్దరిలోనూ వ్యాధి తగ్గుముఖం పట్టింది. అలెమ్‌టుజుమాబ్ పేరుతో అది ఒక రకం బ్లడ్ క్యాన్సర్‌కు మందుగా అమెరికాలో అనుమతి పొందింది మాత్రం 2001లో. పదమూడేళ్లు! రొమ్ము క్యాన్సర్‌కు వాడే ట్రాస్టుజుమాబ్‌ను వేరే కంపెనీ తయారుచేసింది, అది 1998లోనే మార్కెట్లోకి వచ్చింది. అదీ హ్యూమనైజ్డ్ యాంటీబాడీనే.

తాళంచెవికి దాని నమూనా కట్టి

మొదటి పద్ధతికి ఒక పరిమితి ఉంది. ముందు జంతువులో యాంటీబాడీ పుట్టాలి. అసలు జంతువే లేకుండా చేయలేమా? అమెరికా శాస్త్రవేత్త జార్జ్ స్మిత్ 1985లో బ్యాక్టీరియాకు సోకే ఫేజ్ అనే వైరస్ ఒంటి మీద తనకు కావలసిన పెప్టైడ్‌ను మొలిపించారు. ఆ పెప్టైడ్ తాలూకు జన్యువు అదే వైరస్ లోపల ఉంటుంది. 1990లో వింటర్ సహచరులు జాన్ మెక్‌కాఫర్టీ తదితరులు ఫేజ్ మీద యాంటీబాడీ ముక్కను నిలబెట్టారు.

ఊహించుకోండి. కోట్లకొద్దీ తాళంచెవుల గుట్ట. ప్రతి చెవికీ దాన్ని మళ్లీ తయారుచేసుకునే నమూనా కట్టి ఉంది. ఓ గోడకు తాళాలు బిగించి ఆ గుట్టను దానిమీద పోస్తారు. తాళానికి పట్టినవి ఉంటాయి, మిగిలినవి కడిగితే పోతాయి. పట్టినవాటిని బ్యాక్టీరియాలో పెంచి, మళ్లీ పోసి, మళ్లీ కడుగుతారు. మూడు నాలుగు విడతలయ్యేసరికి బాగా పట్టేవే మిగులుతాయి. ల్యాబ్ భాషలో దీనికి ప్యానింగ్ అని పేరు.

ఈ పద్ధతిని మందుల తయారీకి మళ్లించడానికి వింటర్ 1989లోనే కేంబ్రిడ్జ్ యాంటీబాడీ టెక్నాలజీ అనే కంపెనీ స్థాపనలో పాలుపంచుకున్నారు. టీఎన్ఎఫ్ అనే, కీళ్లలో వాపును రగిలించే ప్రోటీన్‌ను అడ్డుకునే యాంటీబాడీ కోసం ఈ కంపెనీ జర్మనీ సంస్థ బీఏఎస్ఎఫ్‌తో కలిసి పనిచేసింది. తర్వాత ఆ మందు అబాట్ చేతికి వెళ్లింది. 2002 డిసెంబర్ 31న అమెరికా ఎఫ్‌డీఏ అనుమతించిన అడాలిముమాబ్ అదే, బ్రాండ్ పేరు హ్యుమిరా. 2022 ఒక్క ఏడాదిలోనే దాని అమ్మకాలు 2,100 కోట్ల డాలర్లు దాటాయి. రాయల్టీ ఎంతివ్వాలన్న దాని మీద రెండు కంపెనీలు లండన్ కోర్టుకెక్కాయి కూడా. 2006లో కేంబ్రిడ్జ్ యాంటీబాడీ టెక్నాలజీని ఆస్ట్రాజెనెకా కొనేసింది.

2018లో కెమిస్ట్రీ నోబెల్ ప్రకటించినప్పుడు సగం బహుమతి ఎంజైమ్‌లను ల్యాబ్‌లో పరిణామానికి గురిచేసిన ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్‌కు వెళ్లింది. మిగతా సగం జార్జ్ స్మిత్, గ్రెగ్ వింటర్ పంచుకున్నారు. వింటర్ అప్పటికే 2009లో బైసైకిల్ థెరప్యూటిక్స్ అనే మరో కంపెనీ మొదలుపెట్టి ఉన్నారు. యాంటీబాడీల కన్నా చాలా చిన్నవైన, రెండు ఉంగరాల ఆకారంలో బిగించిన పెప్టైడ్‌లను మందులుగా మలచడం దాని పని.

ఆర్నాల్డ్ గురించి కూడా ఒక్క మాట. నోబెల్ వచ్చిన మరుసటి ఏడాది ఆమె బృందం ఓ పరిశోధన పత్రం ప్రచురించింది. ఆ ప్రయోగాన్ని మళ్లీ చేస్తే ఫలితాలు రాలేదు. 2020 జనవరిలో ఆమె స్వయంగా దాన్ని ఉపసంహరించుకుని, తాను సరిగా చూసుకోలేదని అందరి ముందూ ఒప్పుకున్నారు. ప్రాజెక్టు రిపోర్టులో గ్రాఫ్ ‘సర్దేసే’ అలవాటున్నవాళ్లకు ఈ సంఘటన గుర్తుండాలి.

మన దగ్గర ఏముంది?

కేంబ్రిడ్జ్ కథ బాగానే ఉంది, మా సంగతేంటి అంటారా? ఉన్నదున్నట్టు చెప్పుకుందాం. హైదరాబాద్‌లో ప్రోటీన్ మందుల పరిశ్రమ ఉంది, చిన్నదేం కాదు. శాంతా బయోటెక్నిక్స్ 1997లో జన్యు ఇంజినీరింగ్‌తో హెపటైటిస్-బి టీకా తెచ్చింది. డాక్టర్ రెడ్డీస్ 2007లో రిటుక్సిమాబ్ బయోసిమిలర్ విడుదల చేసింది. హెటిరో, అరబిందో అనుబంధ సంస్థ క్యూరాటెక్ కూడా బయోసిమిలర్లలో ఉన్నాయి. టీకాల్లో భారత్ బయోటెక్, బయోలాజికల్-ఇ సంగతి మీకు తెలిసిందే. అడాలిముమాబ్ బయోసిమిలర్‌ను 2014లో గుజరాత్ కంపెనీ జైడస్ మన దేశంలో విడుదల చేసింది.

అయితే బయోసిమిలర్ అంటే పేటెంట్ గడువు తీరిన బయాలజికల్ మందుకు అంత దగ్గరగా ఉండే మందును తయారుచేయడం. కొత్త మందు కనిపెట్టడం కాదు. మనదగ్గర ప్రోటీన్ ఉద్యోగాల్లో పెద్ద వాటా బయోసిమిలర్లు, టీకాలదే. కొత్త మందుల పరిశోధనలో కొంత భాగం అరాజెన్, సాయి లైఫ్ సైన్సెస్, సింజీన్ లాంటి కాంట్రాక్ట్ రీసెర్చ్ సంస్థల్లో విదేశీ కంపెనీల తరఫున జరుగుతుంది. సొంత ప్రశ్నతో సొంత పరిశోధన చేయాలంటే సీసీఎంబీ, ఐఐసీటీ, సీడీఎఫ్‌డీ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటివి చూసుకోవాలి. బయోసిమిలర్ పనిని చిన్నచూపు చూడమని కాదు. నిజానికి ఒకరు చేసిన ప్రోటీన్‌ను అదే ఆకారంలో, దానికి అతుక్కునే చక్కెర గొలుసులతో సహా మళ్లీ రాబట్టడం సామాన్యమైన పని కాదు. పైగా ధర తగ్గించి మందును మన పేషెంటుకు చేర్చేది అదే.

కంపెనీలో చేరితే ఎక్కడ పడతారో తెలుసుకోండి. ప్రోటీన్ పండేది చైనీస్ హ్యామ్‌స్టర్ అనే చిన్న జంతువు అండాశయ కణాల్లో, స్టీలు ట్యాంకుల్లో. ఆ కణాల్ని పెంచేవాళ్లది అప్‌స్ట్రీమ్. ఆ రసంలోంచి ప్రోటీన్‌ను కాలమ్‌ల మీద వేరుచేసేవాళ్లది డౌన్‌స్ట్రీమ్. వచ్చిన ప్రోటీన్ ముద్దకట్టిందా, విరిగిందా, సరిగ్గా పనిచేస్తోందా అని హెచ్‌పీఎల్‌సీ, మాస్ స్పెక్ట్రోమీటర్, ఎలైజాలతో చూసేది అనలిటికల్ విభాగం. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ వాళ్లకు నా సలహా ఈ మూడోదే. షిఫ్టులు కాస్త తక్కువ, నేర్చుకునేది ఎక్కువ, రేపు డిస్కవరీ వైపు వెళ్లాలన్నా ఆ నైపుణ్యం వెంట వస్తుంది. డాక్యుమెంటేషన్ అంటే విసుగు లేనివాళ్లకు క్వాలిటీ, రెగ్యులేటరీ విభాగాలున్నాయి. ఇంకో దారి చాలామందికి తెలియదు. 1975 నాటి మోనోక్లోనల్ యాంటీబాడీ పద్ధతికి బ్రిటన్‌లో పేటెంటే తీసుకోలేదు. ఆ పొరపాటు తర్వాతి తరానికి పాఠమైంది. వింటర్ పద్ధతులకు పేటెంట్లు తీసుకున్నారు. పేటెంట్ రాసేవాళ్లకూ సైన్స్ తెలిసుండాలి. మన దేశంలో పేటెంట్ ఏజెంట్ పరీక్ష రాయడానికి సైన్స్ డిగ్రీ చాలు, లా అక్కర్లేదు.

ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు?

పెద్ద పెద్ద సిద్ధాంతాలు అడగరు. ఐసోఎలక్ట్రిక్ పాయింట్ 8.5 ఉన్న ప్రోటీన్‌ను పీహెచ్ 7 బఫర్‌లో ఏ కాలమ్ మీద పట్టిస్తారు? ఇలాంటిది వస్తుంది. పీహెచ్ పీఐ కన్నా తక్కువగా ఉంది కాబట్టి ప్రోటీన్ మీద మొత్తమ్మీద ధనావేశం ఉంటుంది. ధనావేశాన్ని పట్టుకునేది క్యాటయాన్ ఎక్స్‌ఛేంజ్ కాలమ్. జవాబు ఒక్క లైనే. కానీ ‘ఎందుకు’ అని రెండోసారి అడిగితే తడబడేవాళ్లే ఎక్కువ. ఒక మోలార్ ద్రావణం నుంచి 50 మిల్లీమోలార్ బఫర్ అరలీటరు చేయాలంటే ఎంత తీసుకోవాలి? 25 మిల్లీలీటర్లు. కాలిక్యులేటర్ లేకుండా రావాలి. మీ ప్రాజెక్టులో ఫలితం రాలేదనుకోండి, రాలేదని చెప్పండి. ఎందుకు రాలేదో మీరేమనుకుంటున్నారో చెప్పండి. క్యాంపాత్‌లో పట్టు సడలిన సంగతి గుర్తుంది కదా!

పరిశోధన వైపు అయితే...

డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లు ఎమ్మెస్సీ కోసం ఐఐటీ జామ్, సీయూఈటీ-పీజీ, గాట్-బీ రాయొచ్చు. రాష్ట్ర వర్సిటీలకు ఏపీ పీజీసెట్, తెలంగాణ సీపీగెట్ ఉండనే ఉన్నాయి. ఎమ్మెస్సీ తర్వాత సీఎస్ఐఆర్ నెట్‌లో లైఫ్ సైన్సెస్, డీబీటీ వారి బెట్, ఐసీఎంఆర్ జేఆర్ఎఫ్, గేట్ ఇవన్నీ పీహెచ్‌డీకి తలుపులు. జేఆర్ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, తర్వాత రూ.42,000, దానికి అదనంగా ఇంటి అద్దె భత్యం. ఐదారేళ్లు పడుతుంది. ఇంట్లో వాళ్లకు ఇది ముందే చెప్పి ఒప్పించుకోవాలి. ‘ఇంకా చదువేనా?’ అని ప్రతి పెళ్లిలోనూ అడుగుతారు, ముఖ్యంగా అమ్మాయిల్ని. ఇంట్లో వెంటనే జీతం అవసరమైనవాళ్లు ఎమ్మెస్సీతో కంపెనీలో చేరి, మూడు నాలుగేళ్ల అనుభవంతో పీహెచ్‌డీకి వెళ్లడం కూడా మంచి దారే. నన్నడిగితే ఆ అనుభవంతో వచ్చినవాళ్ల చేతులు ల్యాబ్‌లో మరింత కుదురుగా ఉంటాయి.

ఒక హెచ్చరిక. వేలకు వేలు తీసుకుని ‘డ్రగ్ డిస్కవరీ ప్రాజెక్టు’ చేయించామంటూ సర్టిఫికెట్ ఇచ్చే చోట్లు నగరంలో చాలానే ఉన్నాయి. నెల రోజుల్లో కంప్యూటర్ మీద ఓ డాకింగ్ బొమ్మ గీసి ఇస్తే దానికి ఇంటర్వ్యూలో విలువ ఉండదు. ఫీజు కట్టే ముందు రెండు ప్రశ్నలు వేయండి. పిపెట్ నా చేతికిస్తారా? ఫలితం రాకపోతే ఏం చేస్తారు? జవాబు నసిగితే వెనక్కి వచ్చేయండి. దానికన్నా మన సైన్స్ అకాడమీలు ఏటా ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయడం మేలు. డబ్బు కట్టడం కాదు, వాళ్లే స్టైపెండ్ ఇస్తారు.

కంప్యూటర్ నైపుణ్యం అనవసరమని కాదు నా మాట. 2024 కెమిస్ట్రీ నోబెల్ డేవిడ్ బేకర్, డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు వచ్చింది. అసలు ప్రకృతిలో లేని ప్రోటీన్లను కంప్యూటర్ మీద రూపొందించినందుకు బేకర్‌కు, ప్రోటీన్ ఆకారాన్ని ఊహించే ఆల్ఫాఫోల్డ్‌కు మిగతా ఇద్దరికీ. ఆల్ఫాఫోల్డ్ డేటాబేస్‌లో 20 కోట్లకు పైగా ప్రోటీన్ల ఆకారాలున్నాయి, పైసా ఖర్చు లేకుండా. కాస్త పైథాన్ నేర్చుకున్న బయోకెమిస్ట్‌కు గిరాకీ పెరుగుతోంది. అయితే కంప్యూటర్ చెప్పిన ప్రోటీన్ కణంలో తయారవుతుందా, కరుగుతుందా, పనిచేస్తుందా అనేది ఇంకా బల్ల దగ్గరే తేలాలి.

ఈ ఆదివారం ఓ గంట తీరిక చేసుకుంటే ఒక పని చేయొచ్చు. ప్రోటీన్ డేటా బ్యాంక్ వెబ్‌సైట్‌లో అడాలిముమాబ్ అని టైప్ చేయండి. టీఎన్ఎఫ్‌ను అది పట్టుకున్న నిర్మాణం కనిపిస్తుంది. బ్రౌజర్‌లోనే తిప్పి చూడొచ్చు, డౌన్‌లోడ్ చేస్తే కైమెరాఎక్స్‌లో తెరవొచ్చు, విద్యార్థులకు అది ఉచితం. ఆ ఆరు వంపులు ఎక్కడున్నాయో వెతికి ఒక్కోదానికీ ఒక్కో రంగు వేయండి. వాటిలో ఏ అమైనో ఆమ్లాలు టీఎన్ఎఫ్‌ను తాకుతున్నాయో నోట్‌బుక్‌లో రాసుకోండి. తర్వాత వాటిలో ఒకదాన్ని దేనితో మారిస్తే పట్టు సడలుతుందో, ఎందుకో మీ లెక్చరర్‌తో వాదించండి.